మాస్కో టైము, నౌపడ టైము

19 ఆగస్టు 1991, సోమవారం

మధ్యాహ్నం ఇంగ్లీషు వార్తల్లో చెప్పాడు. గోర్బచేవ్‌ను దించేశారట. ఒంట్లో బాగోలేదట, ఉపాధ్యక్షుడు యనాయెవ్ బాధ్యతలు తీసుకున్నాడట. ఎనిమిదిమందితో ఒక అత్యవసర కమిటీ. మాస్కో వీధుల్లో ట్యాంకులు. ఒంట్లో బాగోలేని మనిషికి డాక్టరు కావాలి గాని ట్యాంకులెందుకో ఆ చదివినాయన చెప్పలేదు.

సాయంత్రం స్టేషన్ వైపు పోయాను. రిటైరైనా కాళ్ళు అటే లాగుతాయి. గుణుపూర్ నుంచి రావలసిన చిన్నబండి ఎప్పట్లాగే ఆలస్యం. వానాకాలం కదా, ఉప్పుమడుల్లో పనిలేదు. కుప్పల మీద తాటాకు కప్పేసి కూలీలంతా టీ బడ్డీ దగ్గర చేరారు. అందులో ఒకడు అడిగాడు.

"ఏటి బావూ, రష్యా రాజుని దించీసినారట?"

"రాజు కాదురా, ప్రెసిడెంటు."

"అదేలెండి. అప్పుడు మన రామారావుని దించీనేదా, అలాగే గదా. ఆయనకీ ఒంట్లో బాగోలేదనే అన్నారు."

1984 ఆగస్టు. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన మనిషిని వచ్చీరాగానే దించేశారు. నెల్లాళ్ళు తిరిగేసరికి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. నాకు తట్టనే లేదు. వాడికి తట్టింది.

"అయితే ఈయనా మళ్ళీ ఎక్కుతాడంటావా?"

"ఎక్కీడమైతే ఎక్కుతాడు బావూ. ఎక్కినాక ఏటవుద్దో మరి నాకు తెల్దు."

21 ఆగస్టు, బుధవారం

పేపరు నిండా అదే గొడవ. అదుపు లేని సంస్కరణలు చేద్దామనుకునేవాళ్ళకి ఇదొక హెచ్చరిక అన్నట్టు మాట్లాడారట మన ప్రధాని. పోయిన నెల బడ్జెట్లో మన దేశం తలుపులు బార్లా తీసింది ఆయన సర్కారే. పి.వి. గారు ఏ మాటకైనా రెండు అర్థాలు ఉంచుతారు, కావలసింది తీసుకోమంటారు. మార్క్సిస్టు పార్టీ వాళ్ళు మాత్రం గోర్బచేవ్ పోవడం మంచిదేనన్న ధోరణిలో ఉన్నారు. రెండు రోజులు ఆగి మాట్లాడితే వాళ్ళ సొమ్మేం పోయేదో.

మేస్టారు వచ్చాడు. పేపరు ఇస్తే తిరగేసి, ఉప్పు ధర వేశారేమో అని చివరి పేజీ చూశాడు. రష్యా సంగతి ఎత్తితే, "మాకు 70లోనే అయిపోయింది కదండీ. ఇప్పుడు పోతున్నది మీ బావగారిది" అన్నాడు.

మేస్టారంటే మా ఇంట్లో ఈ ఒక్కడే. టెక్కలి తాలూకాలో ఎలిమెంటరీ స్కూలు పంతులు. 69లో చాక్‌పీసు పడేసి కొండలెక్కాడు. మరుసటి ఏడు దొరికాడు. పార్వతీపురం కుట్ర కేసులో ఒక నంబరయ్యాడు. 1976లో తీర్పు వచ్చేదాకా విశాఖ జైలు. నేరం రుజువు కాలేదన్నారు, వదిలేశారు. ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు ఉప్పు కొఠార్ల దగ్గర లెక్కలు రాస్తున్నాడు. చేతిరాత ఇప్పటికీ బోర్డు మీద రాసినంత గుండ్రంగా ఉంటుంది.

22 ఆగస్టు, గురువారం

ఎక్కేశాడు! గోర్బచేవ్ క్రిమియా నుంచి మాస్కో చేరాడు. కమిటీ వాళ్ళు చెల్లాచెదురు. టీ బడ్డీ దగ్గర మనవాడు కాలరెగరేసుకుని తిరుగుతున్నాడు. ట్యాంకు మీదెక్కి మాట్లాడిన ఎల్త్సిన్ ఫోటో పేపర్లో పెద్దగా వేశారు. ఎక్కినాక ఏమవుతుందో తెలియదన్న మాట నిన్నటి నుంచీ నా చెవిలో తిరుగుతోంది.

25 ఆగస్టు, ఆదివారం

ఉదయం బండికి విశాఖ నుంచి బావ దిగాడు. మొహం చూస్తేనే తెలిసింది. నిన్న గోర్బచేవ్ పార్టీ కార్యదర్శి పదవికి రాజీనామా ఇచ్చాడు. కేంద్ర కమిటీని కూడా రద్దు చేసుకోమన్నాడు. బావ చెప్పులైనా విప్పకుండా అరుగు మీద కూలబడి, "పార్టీని ఆయనే చంపేశాడు బావా" అన్నాడు. మా అప్ప లోపలికి రమ్మంటే కూడా లేవలేదు.

బావ నేవల్ డాక్‌యార్డులో ఫిట్టర్‌గా చేరి ఫోర్‌మన్ దాకా వచ్చాడు. సి.పి.ఐ. మనిషి. ఆయనకి మాస్కో అంటే పుస్తకాల్లో చదివిన ఊరు కాదు. పనిచేసిన పక్క బెంచీ. 1968లో మొదటి సబ్‌మెరైన్ కల్వరి రిగా నుంచి వచ్చిన నాటినుంచి రష్యావాళ్ళతో కలిసి నూనె మరకలు పూసుకున్న మనిషి. కొలత ఒక వెంట్రుకవాసి తేడా వస్తే వాళ్ళ ఇంజనీరు ఏమీ అనకుండా తల అడ్డంగా ఊపి, పీసు తిరిగి చేతిలో పెట్టేవాడట. పూర్ణామార్కెట్లో బేరం ఆడటానికి వాళ్ళు తెలుగు అంకెలు నేర్చుకున్నారని, వాళ్ళతో బేరం ఆడటానికి మనవాళ్ళు రష్యా అంకెలు నేర్చుకున్నారని ఎన్నిసార్లు చెప్పాడో. మొన్న జనవరిలో అద్దెకు తెచ్చిన అణు జలాంతర్గామి చక్ర వెనక్కి పోయింది. అప్పుడే ఏదో తేడా కొట్టిందట ఆయనకి. ఉక్కు ఫ్యాక్టరీ సంగతి ఎత్తాడు. 66లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని ప్రాణాలు పోగొట్టుకున్నారు, 71లో ఇందిరాగాంధీ పునాదిరాయి వేసింది, 79లో రష్యాతో ఒప్పందం కుదిరితే గాని పని కదల్లేదు. నిరుడు గదా 'గోదావరి' కొలిమి వెలిగింది! "రెండో కొలిమి వెలిగేసరికి ఆ దేశం ఉంటుందో లేదో" అన్నాడు.

మధ్యాహ్నం మేస్టారు వచ్చాడు. వీళ్ళిద్దరినీ ఒక చోట కూర్చోబెట్టినప్పుడల్లా నేను కాస్త దూరంగా కూర్చుంటాను. 64 నాటి తగువు ఇంకా తెగలేదు. అప్పటిదాకా ఇద్దరూ ఒకే పార్టీ, టెక్కలిలో ఒకే గదిలో మీటింగులు. తెనాలిలో ఒక పక్షం వాళ్ళు సభ పెట్టుకున్నారు, ఆ తరవాత కలకత్తాలో వేరు కుంపటి పెట్టేశారు. ఏడాది తిరగకుండా వీళ్ళిద్దరూ సంతలో ఎదురుపడినా పలకరించుకోవడం మానేశారు. క్రుశ్చేవ్‌కీ మావోకీ పడకపోతే వీళ్ళకేం వచ్చిందో అప్పుడూ నాకు అర్థం కాలేదు.

ఇవాళ మాత్రం పోట్లాడుకోలేదు. మాట 71 డిసెంబరు మీదికి పోయింది.

ఆ ఏడు జులైలో కిసింజర్ పాకిస్తాన్ నుంచి గుట్టుగా పీకింగ్ వెళ్ళొచ్చాడు. ఆగస్టు 9న మనం రష్యాతో ఒప్పందం రాసుకున్నాం. డిసెంబరులో యుద్ధం. 3వ తేదీ రాత్రి విశాఖ అంతా దీపాలార్పేసి చీకటి. బావ డాక్‌యార్డులో డ్యూటీ. మేస్టారు అదే ఊళ్ళో జైల్లో. అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి ఢామ్మని చప్పుడు. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ రేవు ముఖంలో మునిగిపోయింది. అది అమెరికా చేసిన పడవ, వాళ్ళ దగ్గర పాకిస్తాన్ తీసుకున్నది.

"చప్పుడు వినగానే నేను ఎగిరి గంతేశాను" అన్నాడు బావ.

"మాకేం తెలుసు. బాంబులేశారేమో అనుకున్నాం. తెల్లారి సంగతి తెలిశాక మా బ్యారక్‌లో ఎవరికీ నోట మాట రాలేదు. సంతోషించాలో వద్దో తెలీలేదు బావగారూ. చైనా పాకిస్తాన్ పక్కన ఉంది గదా. మేం చైనా పక్కన. బయట గోడల మీద చైనా చైర్మన్ మా చైర్మన్ అని రాసిన చేతులే ఇవి. యాహ్యాఖాన్ మావాడెలా అయ్యాడో ఎంత ఆలోచించినా అంతు దొరికేది కాదు" అన్నాడు మేస్టారు.

తరవాత అమెరికా ఏడో నౌకాదళం నుంచి ఎంటర్‌ప్రైజ్ ఓడ బంగాళాఖాతంలోకి వచ్చింది, దాని వెనకాలే రష్యా ఓడలు. మా నౌపడ ఉప్పుటేరు కలిసేది కూడా ఆ బంగాళాఖాతంలోనే. రెండు నెలలు గడిచేసరికి, 72 ఫిబ్రవరిలో, మావో నిక్సన్‌తో చెయ్యి కలిపాడు. ఆ ఫోటో జైల్లోకి వచ్చిందట. "ఎవరో పెద్దాయన ఫోటోను తిరగేసి నేల మీద పెట్టాడు. ఎవరూ తియ్యలేదు" అన్నాడు మేస్టారు.

బావ గ్లాసులో టీ చల్లారిపోయింది. మళ్ళీ పెట్టించాను.

1 సెప్టెంబరు, ఆదివారం

సోవియట్ పార్టీ కార్యకలాపాలు నిలిపేస్తూ వాళ్ళ పార్లమెంటే తీర్మానం చేసిందని శుక్రవారం పేపర్లో. అటక మీద ట్రంకు దింపించి పుస్తకాలు ఎండలో పెట్టాను. చెద పట్టలేదు. ఆ కాగితానికి చెద కూడా పట్టదేమో.

విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాను టెక్కలికి వచ్చిన రోజు నాకు పండగ. జీతంలో పది రూపాయలు విడిగా పెట్టుకునేవాణ్ణి. ఆ పది రూపాయలకి గట్టి అట్ట వేసిన పుస్తకాలు సంచీ నిండా వచ్చేవి. గోర్కీ అమ్మ. చెహోవ్ కథలు. చింగీజ్ ఐత్మాతోవ్ 'జమీల్యా', 'తొలి ఉపాధ్యాయుడు'. పెరెల్మాన్ భౌతికశాస్త్రం చదివి మా పెద్దాడు ఇంటిల్లిపాదినీ ప్రశ్నలతో చంపేవాడు. చందా కట్టి సోవియట్ భూమి తెప్పించేవాణ్ణి. చదివాక ఆ నున్నటి కాగితం ఊళ్ళో పిల్లల పుస్తకాలకి అట్టలు. నౌపడ బడిలో లెక్కల పుస్తకాల నిండా ట్రాక్టర్లు, గోధుమ చేలు, బుగ్గలు ఎర్రగా ఉన్న ఆడపిల్లలు. ఆ దేశం గురించి మాకు తెలిసింది అదే. క్యూల్లో నిలబడ్డ ముసలమ్మల ఫోటో ఒక్కటీ ఆ పత్రికలో చూసిన గుర్తు లేదు.

ఐత్మాతోవ్‌ను మనకి చేర్చింది మన పక్క ఊరాయనే, బరంపురం ఉప్పల లక్ష్మణరావు గారు. ఎక్కడి వృక్షశాస్త్రం, ఎక్కడి స్విట్జర్లాండ్ చదువు, ఎక్కడి మాస్కో అనువాదం! పదేళ్ళకి పైగా మాస్కోలో కూర్చుని తెలుగు రాశారు. 'అతడు-ఆమె' రాసిన చెయ్యి. మన ఉత్తరాంధ్ర పలుకు ఆ కిర్గిజ్ పల్లెటూరి మనుషుల నోట అక్కడక్కడా వినిపిస్తుంది, చెవిపెట్టి చదివేవాడికి. ఆయన 85లో పోయారు. ఇదంతా చూడలేదు.

అమెరికా మాత్రం పుస్తకాలు ఊరికే పంపలేదా? పి.ఎల్. 480 గోధుమలు ఓడల్లో వచ్చిన రోజుల్లోనే వాళ్ళ సమాచార పత్రికలూ వచ్చేవి. కాగితం అవీ మంచిదే. కాని వాటిలో కథ చదివిన గుర్తు ఒక్కటీ లేదు. గోధుమ రవ్వ ఉప్మా రుచి మాత్రం గుర్తుంది. ప్రచారం కోసం అచ్చేసిన పుస్తకాల్లో చెహోవ్‌ను కూడా పెట్టినవాళ్ళు, తెలిసి పెట్టారో తెలియక పెట్టారో గాని, నాలాంటివాడికి మేలే చేశారు. ఆ పార్టీ ఉన్నా పోయినా వాన్కా తాతయ్యకి రాసిన ఉత్తరం నా దగ్గరే ఉంటుంది.

14 సెప్టెంబరు, శనివారం

రాత్రి నిద్ర పట్టలేదు. వాన. రాయాలనుకుని ఇన్నేళ్ళూ రాయనిది రాస్తాను.

69, 70ల్లో నేను ఇక్కడ బుకింగ్ క్లర్కుని. గూట్లోంచి అట్ట టిక్కెట్టు తియ్యడం, తేదీ మిషన్లో దోపి టక్కున కొట్టడం, కంతలోంచి తొయ్యడం. కంత చిన్నది. అవతలి మనిషి మొహం కనపడదు, చెయ్యి కనపడుతుంది. బీడీలు చుట్టే చెయ్యి, ఉప్పు తిన్న చెయ్యి, సిరా మరకల చెయ్యి. పోలీసులు వచ్చి, పర్లాకిమిడి బండికి ఎవరెళ్ళారు, మెయిన్ లైన్లో సోంపేట వైపు ఎవరెళ్ళారు అని అడిగేవారు. చేతులు మాత్రమే చూశానని చెప్పేవాణ్ణి. అది నిజమే. సిరా మరకల చేతులు కొన్ని నాకు తెలిసినవి. అదీ నిజమే.

ఆ కొండల్లో సంగతి రష్యాతోనూ చైనాతోనూ మొదలవలేదు. ఇది బల్లగుద్ది చెబుతాను. సవరలు, జాతాపులు కొండ దిగి చింతపండు, అడ్డాకులు తెస్తారు. షావుకారు ఉప్పు ఇస్తాడు. మా నౌపడ ఉప్పే. తెచ్చిన చింతపండు విలువెంత, ఇచ్చిన ఉప్పు విలువెంత అని అడిగే నాథుడు లేడు. ఉప్పుకీ బట్టకీ చేసిన అప్పుకి కొండపల్లం పొలం తాకట్టు, తరవాత మనిషే కంబారి. 1959లో సర్కారు వారి రెగ్యులేషన్ ఒకటి ఉంది, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని. కాగితం మీద ఉంది. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు పంతుళ్ళు బడి చెబుతూ చెబుతూ ఆ లెక్క విప్పి చెప్పారు. గిరిజన సంఘం పెట్టారు. కూలి పెరిగింది. కొన్ని తాకట్టు పొలాలు వెనక్కి వచ్చాయి. తుపాకీ లేకుండానే వచ్చాయి, ఇది మరిచిపోతారు.

1967 అక్టోబరు 31. మొండెంఖల్లులో గిరిజన సంఘం సభకి పోతున్నవాళ్ళ మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న పోయారు. కోర్టులో ఎవరికీ శిక్ష పడలేదు. అక్కడ తిరిగింది మలుపు.

ఆ ఏడే జులైలో నక్సల్బరీ గురించి చైనా పత్రిక వసంత మేఘ గర్జన అని రాసింది. పీకింగ్ రేడియో రాత్రిపూట ఇంగ్లీషులో చదివేది. మర్ఫీ రేడియో సన్నం చేసి, దుప్పటి కప్పుకుని విన్నవాళ్ళు నాకు తెలుసు. తరవాత శ్రీకాకుళం పేరు కూడా ఆ రేడియోలో వచ్చింది. ఆ రోజు మేస్టారు మొహం వెలిగిపోయింది. మన టెక్కలి, మన పలాస పక్క ఊళ్ళు పీకింగ్‌లో పలుకుతున్నారంటే మాటలా! నాకు మాత్రం ఎందుకో భయం వేసింది. మన ఊరి పేరు అంత దూరంలో పలికేవాడికి మన ఊరి దారులు తెలియవు.

68 నవంబరు 25న పెదగొత్తిలిలో షావుకారు ఇంటి మీద పడ్డారు. పత్రాలు తగలబెట్టారు. ఆ తరవాత నక్సల్బరీ నాయకుడు చారు మజుందార్ గీత. సంఘాలు, సభలు వద్దు, వర్గశత్రువుని తుదముట్టించడమే దారి అన్నారు. 69 మే 27న జలంత్రకోట కొండల దగ్గర పంచాది కృష్ణమూర్తి, ఆయనతో మరో ఆరుగురు. చదువుకున్న కుర్రాళ్ళు. బొడ్డపాడు ఊరు ఊరంతా పోలీసు బూట్ల కింద నలిగింది. డిసెంబరులో రంగమెటియా కొండ మీద సుబ్బారావు పాణిగ్రాహి, పంచాది నిర్మల, ఇంకా కొందరు. పాణిగ్రాహి అంటే శివాలయం పూజారి, జముకుల కథ చెప్పే గొంతు. 70 జులై 10న సత్యం, కైలాసం. ప్రతిసారీ పేపర్లో ఎదురుకాల్పులు అనే వేశారు. ఆ మాట నమ్మినవాణ్ణి ఈ జిల్లాలో నేను చూడలేదు.

షావుకార్లూ చచ్చారు, ఇన్‌ఫార్మర్లన్న అనుమానం మీద పేదవాళ్ళూ చచ్చారు. ఇదీ రాయాలి. ఇది రాయకపోతే పైదంతా రాసే హక్కు లేదు.

21 అక్టోబరు, సోమవారం

సరిగ్గా నలభై ఏళ్ళ కిందట ఇదే తేదీన తెలంగాణ సాయుధ పోరాటం విరమించారు. మేస్టారే గుర్తు చేశాడు. తేదీలు ఆయనకి ఎక్కాల్లా వచ్చు.

విరమణకి ముందు, 51 మొదట్లో, నలుగురు నాయకులు సోవియట్ ఓడెక్కి గుట్టుగా మాస్కో చేరారు. అజయ్ ఘోష్, డాంగే, మనవాళ్ళు చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య. స్టాలిన్‌ను కలిశారు. నల్గొండ, వరంగల్ పల్లెల్లో గెరిల్లాలు పోరాడుతుంటే అది ఆపాలో సాగాలో తేలడానికి క్రెమ్లిన్ దాకా పోవలసి వచ్చింది.

"మావాళ్ళూ పోయారు కదా" అన్నాడు మేస్టారు. అదీ చెప్పాడు. 70 అక్టోబరు 29న సౌరెన్ బోస్ పీకింగ్‌లో చౌ ఎన్ లై ఎదుట కూర్చున్నాడు. చౌ తలంటాడు. ఒక దేశపు చైర్మన్‌ను ఇంకో దేశపు పార్టీ తన చైర్మన్ అనుకోవడం తప్పు. ప్రజాసంఘాలు వదిలేసి గుట్టుగా మనుషుల్ని చంపడం తప్పు. విశాఖ జైల్లో ఉన్న ఆరుగురు నాయకులు ఆ మాటలు బయటపెడుతూ బహిరంగ లేఖ రాశారు. కానూ సన్యాల్, చౌదరి తేజేశ్వరరావు, సౌరెన్ బోస్, కొల్లా వెంకయ్య, భువనమోహన్ పట్నాయక్, నాగభూషణ్ పట్నాయక్. ఆఖరాయన గుణుపూర్ వకీలు, మా చిన్నబండి ఆఖరి స్టేషన్ ఊరు. ఉరిశిక్ష పడినా క్షమాభిక్ష అడగనన్నాడు.

"చౌ ఆ మాట అనేసరికి సత్యం, కైలాసం పోయి మూడు నెలలు దాటింది" అన్నాడు మేస్టారు. "మేం అడగకుండానే మొదలుపెట్టాం. అడిగేసరికి కాదన్నారు. వద్దని మాకు ఎవరూ చెప్పలేదా అంటే చెప్పారు. తరిమెల నాగిరెడ్డి గారు తొందరపడకండన్నారు. ఆయనది ఆంధ్రా మాట కదా, చిన్నదిగా వినపడింది."

నేనేమీ అనలేదు. ఇన్నేళ్ళుగా నేననుకుంటున్నది ఆయన నోటే వచ్చింది. ఏ తప్పుకి ఎవరు బాధ్యులో తేల్చడానికి నేనెవణ్ణి? కాని ఒకటి మాత్రం నాకు కొరుకుడు పడదు. రెండు పోరాటాలు మన మట్టిలో పుట్టాయి. దొరల వెట్టి ఒక చోట, షావుకారు తాకట్టు ఇంకో చోట. ఎలా నడపాలో, ఎప్పుడు నిలపాలో మాత్రం పరాయి దేశాల ఇచ్చకి వదిలేశాం. ఆ దేశాలకి వాటి సరిహద్దులున్నాయి, వాటి శత్రువులున్నారు, వాటి బేరాలున్నాయి. ఉసూరి నది దగ్గర రష్యా చైనా సైనికులు ఒకరినొకరు కాల్చుకుంటున్న 69లోనే మా కొండల్లో కుర్రాళ్ళు పోతున్నారు. ఇద్దరిదీ ఒకటే జెండా. కమ్యూనిజం కూలిపోయిందని ఇప్పుడు పేపర్లు కొత్తగా రాస్తున్నాయి. ఆ మార్చిలో ఆ నది మంచు మీదే కూలింది. మిగిలిన ఇరవై రెండేళ్ళూ దాని ఆఫీసులు నడిచాయి.

ఇది బావ చూస్తే నొచ్చుకుంటాడు. చూడడు. నా నోటు పుస్తకం ఎవరు చూస్తారు?

7 నవంబరు, గురువారం

దీపావళి వెళ్ళింది. రెడ్ స్క్వేర్‌లో ఈ ఏడు పెరేడ్ లేదు. నిన్ననే ఎల్త్సిన్ రష్యా గడ్డ మీద పార్టీని నిషేధించాడు. లెనిన్‌గ్రాడ్ పేరు రెండు నెలల కిందటే పోయింది. ఏటా ఈ రోజు బావ లడ్డూలు పంచేవాడు. ఈసారి పోస్టుకార్డు రాశాడు, మోకాళ్ళ నొప్పుల గురించి.

26 డిసెంబరు, గురువారం

రాత్రి గోర్బచేవ్ రాజీనామా చేశాడు. క్రెమ్లిన్ మీద ఎర్రజెండా దించి రష్యా మూడురంగుల జెండా ఎగరేశారు. ఈ నెల 8నే రష్యా, ఉక్రెయిన్, బెలారుస్ ముగ్గురూ కూర్చుని సోవియట్ యూనియన్ లేదనేశారు. ఒక్క తూటా లేకుండా. హంగెరీ మీదికి, చెకొస్లొవేకియా మీదికి ట్యాంకులు పంపిన దేశం తనకోసం మూడు రోజులకి మించి ట్యాంకు నడపలేకపోయింది. ఇది గోర్బచేవ్ చేతకానితనం అంటారు బావలాంటివాళ్ళు. నేను దాన్ని మంచితనం ఖాతాలో రాస్తాను. చేతిలో తుపాకీ ఉండి కాల్చనివాళ్ళని నేను ఎక్కువమందిని చూడలేదు.

గుంటూరు వైపు పొగాకు రైతులకి గుబులు పట్టిందట. మన వర్జీనియాకి పెద్ద కొనుగోలుదారు రష్యావాడే. రూపాయి-రూబుల్ ఖాతా కింద డాలరు లేకుండా బేరం నడిచేది. ఇప్పుడు ఆ ఖాతా ఎవరిది? పదిహేను దేశాల్లో ఎవరు కడతారు? అమెరికా గెలిచిందని సంబరపడేవాళ్ళు ఒంగోలు వేలం కేంద్రం దాకా ఒకసారి పోయి రావాలి.

టీ బడ్డీ దగ్గర మనవాడు: "ఎక్కినాక దిగిపోయాడు గదా బావూ."

5 జనవరి 1992, ఆదివారం

మడులకి నీళ్ళు పెట్టడం మొదలైంది. మేస్టారికి ఇక ఊపిరాడని రోజులు. అయినా పొద్దున్నే వచ్చాడు, వెంట ఒక సవర ముసలాయన, ఆయన మనవడు. పాతపట్నం అవతలి కొండ ఊరు. చిన్నబండిలో రాత్రే దిగి స్టేషన్లో పడుకున్నారట.

సంగతి ఇది. ముసలాయన తండ్రి నాడు ఎకరం డెబ్భై సెంట్లు పల్లం తెల్లకాగితం మీద తాకట్టు పెట్టారు. షావుకారి కొడుకు ఇప్పటికీ దున్నుకుంటున్నాడు. కొన్నది 60కి ముందే అంటున్నాడు. 1970 సవరణ రెగ్యులేషన్, అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అంటారు, కొండల్లో చావులు జరుగుతుండగానే వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని అనుకోవాలి, కాదంటే కాదని రుజువు చేసుకోవలసింది అతనే. రాసినవాడెవరో గాని గట్టిగా రాశాడు. సత్యం మాష్టారు పోరాడకపోతే ఆ వాక్యం పడేదా? ఆ పోరాటం ఆ దారి పట్టకపోతే ఆయన ఇప్పుడు ఈ అర్జీలు తనే రాస్తూ ఉండేవాడా? మేస్టారు ఈ రెండో ప్రశ్నకి జవాబు చెప్పడు. వారానికో అర్జీ రాస్తాడు.

నా పని ఇంగ్లీషు చెయ్యడం. స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ గారి కోర్టుకి.

"సర్వే నంబరేదీ?" అన్నాను.

ముసలాయనకి తెలియదు. పొలానికి ఉత్తరాన ఇప్పచెట్టు, దక్షిణాన గెడ్డ అన్నాడు. మనవడు పదో తరగతి చదువుతున్నాడు. చొక్కా జేబులోంచి మడత కాగితం తీశాడు. కరణం పోస్టులు పోయాక వచ్చిన అధికారి దగ్గర నాలుగుసార్లు తిరిగి, అడంగల్ చూసి తనే రాసుకొచ్చాడట. నంబరుంది, విస్తీర్ణం ఉంది, అనుభవదారు గడిలో షావుకారి కొడుకు పేరుంది. 'ఎలా సంక్రమించింది' అన్న గడి ఖాళీ.

మేస్టారు ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టి, "ఇదిగోనండీ, కేసంతా ఇక్కడే ఉంది" అన్నాడు. కుర్రాడిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ గడి ఖాళీగా ఉంటే ఎవరికి లాభమో వివరిస్తున్నాడు, బళ్ళో పాఠం చెబుతున్నట్టే. నేను మొదటి పేరా రాశాను. ఇప్పచెట్టు, గెడ్డ కూడా హద్దుల్లో వేశాను. సోమవారం సీతంపేట బస్సుకి వెళ్తామన్నారు. కోర్టు ఫీజు స్టాంపులు టెక్కలిలోనే కొనుక్కోమన్నాను, అక్కడ దొరక్కపోతే మళ్ళీ వెనక్కి రావాలి.